సమాధానం ఏ బెంచీలో ఆగింది?

క్రైస్తవానికి ప్రేమే గుండెకాయ అని కడపలో ఏ సంఘపెద్దను అడిగినా చెప్తాడు. ప్రేమను వర్ణించే బైబిలు భాగం, కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయం, ఆయనకు కంఠతా వచ్చు, కొడుకు పెళ్లిపత్రికలో కూడా వేయించాడు. చిక్కంతా ఆ ప్రేమను బెంచీల మధ్య నడిపించడంలోనే.

దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947లో ఏర్పడింది. 1950లో వచ్చిన ప్రభురాత్రి భోజన ఆరాధన క్రమంలో సమాధానం, అంటే శాంతి, చేతికి చేయి కలిపి ఒకరి నుంచి ఒకరికి అందించే పద్ధతి పెట్టారు. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్నది. ఇచ్చేవాడి కుడి అరచెయ్యి పుచ్చుకునేవాడి కుడి అరచేతికి ఆనాలి. ఇద్దరూ ఎడమచేతితో ఎదుటివాడి కుడిచేతిని మూయాలి. బల్ల దగ్గర పాస్టరు అయ్యగారితో మొదలై, చివరి బెంచీ దాకా మారుతూ పోవాలి.

అయితే పొలం గట్టు జానెడు జరిగిందా, సమాధానం ఆ బెంచీలోనే ఆగిపోతుంది. ఆగిపోయిందని తెలుసుకునే గుర్తులున్నాయి: అరచేతులు కాక వేళ్ల కొనలు మాత్రమే తగలడం, ఎడమచెయ్యి పాటల పుస్తకంతో తీరిక లేకుండా ఉండడం, చూపు ఫ్యాను మీద నిలవడం. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:24 చెప్తుంది. ఆ సహోదరుడు ఉండేది మూడు బెంచీల వెనకే. కానీ కానుక సంచి వచ్చే వేళకు లేచిపోతే జనం ఏమనుకుంటారు?

క్షమాపణ విషయంలో మాత్రం మనవాళ్లు ఖచ్చితం. యేసు క్షమించమన్నది డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఇంటూ ఏడు, 490 సార్లు. వారానికొకటి చొప్పున వాడినా తొమ్మిదేళ్లు దాటుతుంది. ప్రేమ 'అపకారమును మనస్సులో ఉంచుకొనదు' కదా అంటారేమో. మనసులో ఎక్కడుంది? నోటుబుక్కులో ఉంది.

సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులోనూ అంతే. కొరింథులో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. మన దగ్గర మత్తు లేదు. మొదటి పంక్తికి ముక్కలు, మూడో పంక్తికి షేర్వా, అంతే తేడా.

స్పెయిన్ నుంచి వచ్చి 1969లో అనంతపురం చేరిన విన్సెంట్ ఫెర్రర్ లాంటివాళ్లు ఈ క్రమశిక్షణ చెడగొట్టారు. ఎవరు ఏ పంక్తివాళ్లని విచారించకుండా ఇళ్లు, బళ్లు కట్టించడమేమిటి? ఆయన పెట్టిన సంస్థకు బత్తలపల్లిలో ఆసుపత్రి కూడా ఉంది. జబ్బుకు బెంచీ నంబరు అడగరట!

మన సంఘాలు కనిపెట్టిన ఉపాయం ఇంతకన్నా చవక. తగాదా ఉన్న ఇద్దరి మధ్య ఎనిమిదేళ్ల సండేస్కూలు పిల్లోణ్ణి కూర్చోబెట్టడమే. వాడు చిన్నాయన దగ్గర తీసుకొని పెద్దనాయనకిస్తాడు.

"ఇచ్చినావా రా?"

"ఇచ్చినా చిన్నాయనా. గట్టిగా పట్టుకున్యాడు, ఇడ్సలేదు."

ఇలాంటి వివరాలు చెప్పడం పిల్లోడి పని కాదు.

ఉపాయంలో లోపం ఒక్కటే. పిల్లోడికి జ్వరమొచ్చిన ఆదివారం ఆ ఇద్దరి మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ఎవరో ఒకరు అక్కడ పాటల పుస్తకం పెడతారు.