సొమ్ము మాది, సోకు తమది: పొడి డబ్బా గారికి ఒక లేఖ

మహారాజరాజశ్రీ వెనిల్లా రుచి బరువు తగ్గించే పొడి డబ్బా గారి దివ్య సముఖమునకు,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక సామాన్య గృహస్థుడు నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఇక్కడ మేమందరం క్షేమం. ఫ్రిజ్ మీద తమరూ క్షేమంగానే ఉన్నారు, వచ్చిపోయేటప్పుడల్లా చూస్తూనే ఉన్నాం.

తమరు మా ఇంటికి వేంచేసిన వైనం తమకు తెలిసిందే. మా బావమరిది ఈమధ్య వెల్‌నెస్ కోచ్ అయ్యాడు. అంతకుముందు ప్లాట్లు అమ్మేవాడు, దానికి ముందు ఇన్సూరెన్సు. "బావా, ఇది మందు కాదు, లైఫ్‌స్టైల్" అని తమర్ని డైనింగ్ టేబుల్ మీద ప్రతిష్ఠించి, డబ్బులు నిదానంగా ఇవ్వమన్నాడు. ఎంతరా అంటే 2,000 పైమాట అన్నాడు. మా ఆవిడ తమ్ముడి ముఖం చూసి ఏమీ అనలేదు. తర్వాత నా ముఖం చూసింది. ఆ చూపు సంగతి తమకు అనవసరం.

మూత తీశాను. పైన వెండి కాగితం, దాని కింద ముప్పాతిక వంతే పొడి. కొలత చెంచా కోసం వెతికితే అడుగున కూరుకుపోయి ఉంది. దాన్ని లాగేసరికి మణికట్టు దాకా వెనిల్లా వాసన. వెనక్కి తిప్పి చదివాను. సోయా ప్రొటీను, మాల్టోడెక్స్‌ట్రిన్, నాలుగు విటమిన్లు, రంగు, వాసన. చెంచాకు వంద లోపు కేలరీలు. ఇదంతా కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో. ముందువైపు సన్నటి నడుము బొమ్మ మాత్రం వీధి గుమ్మంలోంచి కూడా కనపడుతుంది.

తమ వెంట ఒక కరపత్రం వచ్చింది, దాన్ని రెండుసార్లు చదివాను. పొద్దున టిఫిన్ బదులు తమరు ఒక గ్లాసు. రాత్రి భోజనం బదులు తమరు ఇంకో గ్లాసు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పు, కూర రెండు కప్పులు. స్వీట్లు, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు బంద్. రోజూ 45 నిమిషాలు నడక. రాత్రి 8 దాటాక ఏమీ తినరాదు. ఏడు గంటల నిద్ర.

అయ్యా, ఇవన్నీ చేశాక ఇంక తమరు చేసేదేముంది? పూరీ కూర మానుకున్నది మనిషి. నడిచింది మనిషి. కొడుకు బిర్యానీ పార్సిల్ విప్పుతుంటే పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నది మనిషి. చివర్లో పల్లకీ ఎక్కి ఊరేగింది తమరు! సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. రాత్రి పూట ఆరేడు వందల కేలరీల భోజనం తీసేసి, పాలతో కలిపి రెండు వందల కేలరీల గ్లాసు పెడితే ఎవరైనా తగ్గుతారు. తమ స్థానంలో ఒక గ్లాసు మజ్జిగ, గుప్పెడు వేయించిన సెనగలు పెట్టినా తగ్గుతారు. కానీ సెనగలకు కోచ్ ఉండడు, కమీషన్ ఉండదు.

"వారంలో రెండు కిలోలు" అన్న తమ ప్రతాపం గురించి కూడా ఒక మాట. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని పిండిపదార్థం నిల్వ ఉంటుంది, ఉజ్జాయింపుగా 400, 500 గ్రాములు. ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. అన్నం, టిఫిన్లు ఒక్కసారిగా తగ్గించేసరికి ఆ నిల్వ కరుగుతుంది, నీళ్ళు వెళ్ళిపోతాయి, కాటా మీద ముల్లు కిందికి దిగుతుంది. ఆ దిగిన దాంట్లో ఎక్కువ భాగం నీరే. వచ్చేవారం ఎవరిదో పెళ్ళిలో మనసారా భోంచేస్తే, పోయిన నీరు పోయినట్టే తిరిగి వస్తుంది. అప్పుడు కోచ్ గారు అనేది ఒక్కటే: "డబ్బా ఆపేశారు కదా, అందుకే." తగ్గితే తమ గొప్ప, పెరిగితే మా తప్పు. ఇంత సుఖమైన ఉద్యోగం పోర్టులో కూడా లేదు.

తమ శిష్యబృందాన్ని బీచ్ రోడ్డులో చూశాను. పొద్దున్నే వాహనాలు ఆపి నడిచేవాళ్ళకు వదిలిన రోడ్డు అది. కురుసుర జలాంతర్గామి దాటి అలా నడుస్తుంటే గొడుగు కింద ఒక బల్ల, బల్ల మీద చేతులతో పట్టుకునే యంత్రం. "రండి సార్, ఫ్రీ చెకప్" అని పిలుస్తారు. పట్టుకోగానే ఒంట్లోకి చాలా సన్నటి కరెంటు పంపుతుంది. నీరున్న చోట కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వు అడ్డుకుంటుంది, దాన్నిబట్టి కొవ్వు ఎంతో అంచనా కడుతుంది. అంచనా మాత్రమే. నీళ్ళు తాగి పట్టుకుంటే ఒక అంకె, చెమట కారుతూ పట్టుకుంటే ఇంకో అంకె. నా ముందు నిలబడ్డాయనకు కోచ్ అమ్మాయి ముఖం విచారంగా పెట్టి చెప్పింది: "ఏటి సార్, మీకు 46 అన్నారు, మీ బాడీ ఏజ్ 58 చూపిస్తోంది." ఆయనకు అప్పటికప్పుడే పన్నెండేళ్ళు పైబడ్డాయి, నడక కూడా మారిపోయింది. నిజానికి ఆయనకు కావలసింది టైలర్ టేపు. మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్తపడాలని మన దేశంలో డాక్టర్లు చెప్పే లెక్క. టేపుకు బాడీ ఏజ్ చెప్పడం రాదు పాపం.

చట్టం సంగతికి వద్దాం. 1954లో పార్లమెంటు డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చేసింది. ఫలానా జబ్బులు కుదురుస్తామని మందులకు ప్రకటనలు వేయకూడదని చెప్పే ఆ చట్టం జాబితాలో స్థూలకాయం కూడా ఉంది. తమరేమో ఆహారం కోటాలో వచ్చారు. వెనకవైపు ఇంగ్లీషులో 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ముద్ర. ముందువైపు నడుము బొమ్మ, వెనకవైపు మందు కాదన్న ముద్ర. ముందు అటు తిరిగి అమ్ముకుని, తర్వాత ఇటు తిరిగి తప్పించుకోవచ్చు.

తమ బంధువర్గం తమకంటే ఘనులు. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మందు ఒకటుండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికా, యూరప్ అమ్మకాలు ఆపించాయి, 2011లో మన దేశం నిషేధించింది. ఆ తర్వాత కూడా, నూటికి నూరుపాళ్ళూ మూలికలే అని రాసుకున్న మాత్రల్లో అది బయటపడుతూనే వచ్చింది. తమలో ఉందని నేననడం లేదు, తమలో వెనిల్లా తప్ప ఏమీ ఉన్నట్టు లేదు. ఆపిల్ సైడర్ వెనిగర్ అనే మరో చుట్టం, లెబనాన్‌లో కుర్రకారు మీద జరిగిన అధ్యయనాన్ని చూపించి 2024లో ఊరంతా తిరిగింది. 2025లో దాన్ని అచ్చువేసిన పత్రికే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. ఆ కబురు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లోకి ఇంకా రాలేదు. నడుముకు కట్టుకునే చెమట బెల్టు ఇంకొకరు. మా విశాఖలో మే నెలలో ఊరికే నిలబడ్డా చెమట కారుతుంది. చెమటతో కొవ్వు కరిగేట్టయితే ఇక్కడ లావుపాటి మనిషిని మ్యూజియంలో పెట్టి చూపించాలి. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ల మాట వేరు, అవి పరీక్షలు దాటి వచ్చిన మందులు, డాక్టరు చీటీ ఉండాలి. అందుకే మా బావమరిది వాటి జోలికి పోలేదు.

చోళ్ళను, అంటే రాగులను కూడా తమ పక్కన కూర్చోబెట్టేశారు. మా నాయనమ్మ పొద్దున్నే చోడంబలి తాగి పొలానికి పోయేది. ఇప్పుడదే అంబలి 'మిల్లెట్ మాల్ట్' పేరుతో జిప్పు కవర్లో వస్తోంది. చోళ్ళు మంచివే, బియ్యం కంటే పీచూ కాల్షియమూ ఎక్కువ. కేలరీల దగ్గర మాత్రం వంద గ్రాముల బియ్యం 350 దరిదాపు అయితే, చోళ్ళు 320. మూడు ముద్దలు ఎక్కువ తిన్నామా, లెక్క సరి.

నడిస్తే చాలనుకునేవాళ్ళకూ పప్పులుడకవు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఏటా ఆషాఢ పౌర్ణమికి మా కాలనీ మీదుగానే జనం వెళ్తారు. 70 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది 70 కేలరీల దాకా. మొత్తం చుట్టి వస్తే 2,200. కిలో కొవ్వు కరగాలంటే 7,700 పోవాలి. అంటే అప్పన్న కొండ మూడుసార్లు చుట్టినా కిలో తెగదు. పైగా దారి పొడవునా పులిహోర పొట్లాలు, పండ్లు, మజ్జిగ, వద్దంటే ఊరుకోరు. నడక గుండెకు మంచిది, మోకాళ్ళకు మంచిది, నిద్రకు మంచిది. బరువు మాత్రం తేలేది వంటింట్లో.

మా ఇంట్లో అయితే పోపు దగ్గర తేలుతుంది. ఇదివరకు నూనె ప్యాకెట్టు మూల కత్తిరించి, కళాయిలోకి చూపు కొలతతో పోసేవాళ్ళం. చూపుకు ఎప్పుడూ ధారాళమే. ఇప్పుడు మా ఆవిడ నూనె గిన్నెలో ఒక స్టీలు చెంచా వేసి ఉంచింది. కూరకు ఇన్ని చెంచాలని లెక్క, మూడో చెంచా దగ్గర ఆవిడే తన చేతిని తనే పట్టుకుంటుంది. లీటరు నూనెలో ఎనిమిది వేల పైచిలుకు కేలరీలుంటాయి. మేం నలుగురం. నెలకు ఒక లీటరు తక్కువ వచ్చిందంటే తలా పావు కిలో కొవ్వుకు సరిపడా ఇంటికి రానట్టే. పావు కిలో అని ఎవరూ హోర్డింగు పెట్టరు, కానీ అది ప్రతి నెలా వస్తుంది.

అన్నం గిన్నె ఇప్పుడు టేబుల్ మీదికి రాదు. మారు కావాలంటే లేచి వంటింట్లోకి వెళ్ళి పెట్టుకోవాలి. ఈ ఒక్క ఏర్పాటు చేసిన పని తమ డబ్బాలు పది చేయలేవు, ఎందుకంటే టీవీ ముందు కూర్చున్నవాడికి ఆకలి కంటే బద్ధకం ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా ఇంత సాదా సంగతే: కంచంలో సగం కూరగాయలు, పండ్లు, ఉప్పు చక్కెర తక్కువ, ప్రొటీను పొడులకు దూరం. రైతుబజార్ సంచీతో అయిపోయే వ్యవహారం. ఇందులో పైన కమీషన్ తినే అప్‌లైన్, కింద చేర్పించుకునే డౌన్‌లైన్ లేవు కాబట్టి మా ఇంటికొచ్చి చెప్పేవాళ్ళూ లేరు.

కాబట్టి తమకు నా విన్నపం ఒక్కటే. తమ కంపెనీవారితో చెప్పి ముందువైపు నడుము బొమ్మ తీయించండి. ఆ స్థలంలో కరపత్రంలోని మాటలు పెద్ద అక్షరాల్లో వేయించండి, పని చేసేవి అవే కదా. కరపత్రం రెండు రూపాయలకు అమ్మినా గిట్టుబాటే. తమ గడువు తేదీ వచ్చే మార్చి అని అడుగున ముద్ర ఉంది. అందాకా ఫ్రిజ్ మీదే విశ్రాంతి తీసుకోండి.

ఇట్లు,
తమ సోకు చూసి తరించిన
ఒక ఎంవీపీ కాలనీ వాసి

తా.క.: ఆదివారం భోజనానికి వస్తున్నానని మా బావమరిది ఫోన్ చేశాడు. వంజరం ముక్కలు కాస్త నూనె ఎక్కువేసి వేయించమన్నాడు. తమరి తాలూకు తనకు రావలసిన డబ్బుల మాట మాత్రం అక్క ముందు ఎత్తొద్దన్నాడు.