తోడల్లుడి సీసీ

శ్రీకాకుళం జిల్లాలో సమస్యలకు కొదవ లేదు. వంశధార నీళ్ళు, వలసలు, ఏడు రోడ్ల జంక్షన్‌లో సాయంత్రం ఆరింటి ట్రాఫిక్. వాటిని పెద్దలు చూసుకుంటున్నారు. ఎన్నో ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు. ఎవరూ పట్టించుకోని సమస్య ఒకటి మిగిలిపోయింది కాబట్టి నేను కలం పట్టాల్సి వచ్చింది. నలుగురున్న మధ్యతరగతి కుటుంబం డీజిల్ కారు కొనాలంటే ఎన్ని సీసీల ఇంజిన్ కొనాలి?

"పెట్రోల్ కారు కొనుక్కోవచ్చుగా" అనేవాళ్ళు ఇక్కడే ఆగండి. మీ సంగతి తర్వాత చూస్తాను.

ఈ సమస్య మా ఇంట్లో విజయనగరం నుంచి దిగుమతైంది. మా తోడల్లుడుగారు అక్కడే ఉంటారు. ఆయన దగ్గర 2.2 లీటర్ల డీజిల్ బండి ఉంది. ఇల్లేమో గంటస్తంభం దగ్గర సందులో. ఆ సందులోకి బండి పట్టదు. అందుకని మూడు లాంతర్లు దాటాక తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో ఉంచుతారు. పొద్దున్నే స్కూటీ మీద అక్కడిదాకా వెళ్ళి, స్కూటీ అక్కడ పెట్టి, కారు తీసి, ఆఫీసుకి వెళ్తారు. ఆఫీసు వాళ్ళింటి వెనక వీధిలోనే.

"ఇంత పెద్ద ఇంజిన్ దేనికి అన్నయ్యగారూ?" అని ఒకసారి అడిగాను.

"ఘాట్ ఎక్కాలి కదా తమ్ముడూ!" అన్నారు.

సాలూరు ఘాట్ ఆయన నాలుగేళ్ళలో ఒక్కసారి ఎక్కారు. బండి బ్రహ్మాండంగా ఎక్కిందట. దారి పొడుగునా ముందు ఆర్టీసీ బస్సు ఉందట, ఓవర్‌టేక్ చేయడానికి సందు దొరకలేదట. అంటే బస్సు కూడా బాగానే ఎక్కినట్టు లెక్క.

మావయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. అల్లుళ్ళని కూడా ప్రోగ్రెస్ కార్డులాగే చూస్తారు. సంక్రాంతికి నరసన్నపేట వెళ్ళినప్పుడు అరిసెల పళ్ళెం ముందు పెట్టి, కళ్ళజోడు సర్దుకొని అడిగారు. "పెద్దల్లుడిది రెండువేల రెండొందల సీసీ అట. నువ్వేటి తీసుకుందామనుకుంటున్నావు బాబూ?" అప్పటికి నా దగ్గరున్నది 110 సీసీ స్కూటరు. అరిసె గొంతులో అడ్డం పడింది.

ఆ రాత్రి నుంచి నేను సీసీల మీద పరిశోధన మొదలుపెట్టాను. తేలిందేమిటంటే, సీసీ అంటే సిలిండర్లలో గాలి పట్టే చోటు. అంతే. చెంబు ఎంత పెద్దదో చెప్తుంది గానీ తాగేవాడి దాహం ఎంతో చెప్పదు. పాత డీజిల్ అంబాసిడర్ గుర్తుందా? దాని ఇంజిన్ 1,489 సీసీ. శక్తి నలభై గుర్రాలు కూడా ఉండేది కాదు. ఆ బండిలోనే పెళ్ళికొడుకుని, తోడిపెళ్ళికొడుకుని, ఇద్దరు మేనత్తల్ని, వాళ్ళ పిల్లల్ని, లడ్డూల గంగాళాన్ని ఎక్కించి ఆమదాలవలస స్టేషన్ నుంచి పెళ్ళివారింటికి తోలుకెళ్ళేవారు. ఇప్పుడు ఫ్యామిలీ కార్లలో బాగా కనిపించే డీజిల్ ఇంజిన్ ఒకటి 1,493 సీసీ. అంబాసిడర్ కంటే నాలుగు సీసీలు ఎక్కువ. గుర్రాలు మాత్రం 115. నాలుగు సీసీల్లో డెబ్భై అయిదు గుర్రాలు ఎక్కడ కట్టేశారని మావయ్యగారు అడిగారు. టర్బో అని చెప్పాను. సైలెన్సర్‌లోంచి పోయే పొగతోనే చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని బలవంతంగా లోపలికి తోస్తారు. కామన్ రెయిల్ అని ఇంకొకటి ఉంది, అది డీజిల్‌ని మంచులాగా సన్నగా చిమ్ముతుంది. ఆయన శ్రద్ధగా విని, "అయితే పెద్దల్లుడి బండిలో టర్బో లేదా?" అన్నారు. ఉంది. నా పరిశోధన అక్కడితో నీరుగారింది.

చిన్న ఇంజిన్ల ఘనత కూడా చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. ఒకప్పుడు మనదేశంలో సగం కంపెనీల బండ్లలో ఒకే ఇంజిన్ తిరిగేది, ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్. 1,248 సీసీ. స్విఫ్ట్‌లో అదే, విస్టాలో అదే, పుంటోలోనూ అదే. అందరూ దాన్ని జాతీయ ఇంజిన్ అనేవారు. దానికి ఒకటే జబ్బు. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగేదాకా లేవదు, లేచాక ఆగదు. మా చిన్నబావమరిది అచ్చం అంతే. పదకొండింటి దాకా దుప్పటి ముసుగు తియ్యడు, లేచాక ఇల్లు పీకి పందిరేస్తాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండో గేరులో ఆ బండిని కదిలించడం, వాణ్ణి నిద్ర లేపడం ఒక్కటే. పెద్ద ఇంజిన్‌కి ఆ బాధ తక్కువ. కింద నుంచే లాగుతుంది. ఏడుగురు మనుషులు, ఏసీ, పైన సామాను, ఎదురుగా ఘాట్ ఉంటే ఆ తేడా తెలుస్తుంది. తోడల్లుడుగారి పక్షాన చెప్పగలిగిన మాట ఇది, చెప్పేశాను.

ఇక అసలు విషయం. మనకు ఎన్ని సీసీలు కావాలో ఇంజనీర్లు తేల్చరు, పన్నులవాళ్ళు తేలుస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి డీజిల్ కారు నాలుగు మీటర్ల లోపు పొడవుండి, ఇంజిన్ 1,500 సీసీ దాటకపోతే జీఎస్టీ 18 శాతం. రెండింట్లో ఏది దాటినా 40. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌దీ ఇదే వరస. 2022 రేట్ల ప్రకారం 1,000 దాటి 1,500 సీసీ దాకా ఏడాదికి 3,416 రూపాయలు. ఒక్క సీసీ దాటితే 7,897. ఆ ఒక్క సీసీ గుద్దితే మనిషికి రెట్టింపు దెబ్బ తగులుతుందని ఎవరో పెద్దవాళ్ళు లెక్కగట్టే ఉంటారు, లేకపోతే అలా రాయరు.

అందుకే మార్కెట్లో ఇంజిన్లు చూడండి. 1,493, 1,497. బండ్ల పొడవు చూడండి. 3,995 మిల్లీమీటర్లు, 3,990 మిల్లీమీటర్లు. ఇవి ఇంజనీరింగ్ అంకెలేనా, బాటా కొట్లో చెప్పుల జత మీది రేట్లా? ఢిల్లీలో ఇంకా ముచ్చట జరిగింది. పొగ ఎక్కువైపోయిందని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు అక్కడ 2,000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపింది. నెల తిరిగేసరికి మహీంద్రా వాళ్ళు 1.99 లీటర్ల ఇంజిన్ దించారు. 2016 ఆగస్టులో ఒక శాతం రుసుము కట్టించుకొని కోర్టు ఆ ఆంక్ష ఎత్తేసింది. 1.99 చూశాక నాకు బోధపడింది. ఈ దేశంలో ఇంజిన్ తయారుచేసేవాడికి పానా కంటే టేపు ముఖ్యం.

మా ఆవిడకి ఇవేవీ అక్కర్లేదు. షోరూమ్‌లో కుర్రాడు 250 న్యూటన్ మీటర్ల టార్క్ గురించి చేతులూపుతూ చెప్తుంటే పూర్తిగా విని, "డిక్కీ తియ్యి నాయినా" అంది. తీశాడు. చీర కొంగు దోపుకొని లోపలికి వంగి జానలతో కొలిచింది. అడ్డంగా ఆరు జానలు, లోపలికి నాలుగు. "రెండు బియ్యం బస్తాలు, ఒక పనసకాయ, అమ్మిచ్చే ఆవకాయ జాడీ. జాడీ నిలబడాలి, పడుకోబెడితే నూనె కారిపోద్ది." కుర్రాడు బ్రోచర్‌లో జాడీ కోసం వెతికాడు. 328 లీటర్లనో ఏదో ఉంది గానీ జాడీ లేదు. నాలుగు మీటర్ల లెక్క కోసం వెనక భాగం ఎక్కడికక్కడ కోసేశారు కాబట్టి పనసకాయకి చోటు లేదని ఆవిడకి ఎలా చెప్పను? ప్రభుత్వ పన్ను విధానానికి తొలి బలి పనసకాయే.

చివరికి ఒకటిన్నర లీటర్ల బండే కొన్నాం. మావయ్యగారికి 1,500 అని చెప్పాను. ఏడు సీసీలు అబద్ధమాడినందుకు అరసవల్లిలో దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు పెట్రోల్ వాళ్ళ సంగతి. 2012లో డీజిల్ పెట్రోల్ కంటే ముప్ఫై రూపాయలు తక్కువ పలికిన రోజులున్నాయి. 2014 అక్టోబరులో డీజిల్ ధర కూడా మార్కెట్‌కి వదిలేశారు. ఇప్పుడు మన రాష్ట్రంలో తేడా పన్నెండు రూపాయల దరిదాపుల్లో ఉంది. నేను ఏడాదికి తిరిగేది ఆరు వేల కిలోమీటర్లు. పెట్రోల్ బండి లీటరుకి పదిహేను ఇస్తుందనుకుంటే 400 లీటర్లు, డీజిల్ ఇరవై ఇస్తుందనుకుంటే 300. ఏ రకంగా గుణించినా ఏడాదికి మిగిలేది పదిహేను వేలు. డీజిల్ బండికి నేను ఎక్కువ పెట్టింది లక్షా పాతిక వేలు. ఎనిమిదేళ్ళు దాటాక నాకు లాభం మొదలవుతుంది. ఈ లెక్క కొన్న తర్వాతే వేశాను. కొనకముందు వేసేవాడు కారు కొనడు. మా వీధిలో ఒకాయన ఇంకా ముందుకెళ్ళి, ఒడిశాలో లీటరు నాలుగైదు రూపాయలు తక్కువని పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్ళి ట్యాంకు నింపుకొస్తాడు. రానుపోను నూట పది కిలోమీటర్లు. ఆదా అయిన రెండు వందలకీ, దారిలో తాగిన డీజిల్‌కీ పొంతన ఏమిటని అడిగితే ఆయన మాట్లాడ్డం మానేస్తాడని నేనూ అడగలేదు.

అయినా అసలు కథ పొగ జల్లెడది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అని పొగ మీద కొత్త నిబంధన వచ్చింది కదా, డీజిల్ బండ్లకు సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ పెట్టారు. మసి అంతా అందులో ఆగుతుంది. ఆగిన మసిని కాల్చేయాలంటే లోపల ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కాలి. అలా వేడెక్కాలంటే బండి హైవే మీద అరవై దాటి, ఆగకుండా ఇరవై నిమిషాలు పరిగెత్తాలి. మా బండి పరుగు ఏమిటి? ఇంటి నుంచి డే అండ్ నైట్ జంక్షన్, అక్కణ్ణుంచి కూరగాయల మార్కెట్, ఆదివారం అరసవల్లి. ఎక్కడా మూడో గేరు దాటదు. మసి పేరుకుంటుంది. రెండో నెలలో డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది.

మెకానిక్ చూసి తేల్చేశాడు. "ఏటీ లేదు సార్. కడుపు బిగిసింది. హైవే మీద తోలండి."

చిన్నప్పుడు మా అమ్మమ్మ నెలకోసారి అందరినీ వరసగా కూర్చోబెట్టి ఆముదం పట్టేది. ఇప్పుడు పది లక్షలు పోసి కొన్న బండికి ఆ సేవ నేను చేస్తున్నాను. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆముదానికి సరిగ్గా సరిపోయే దూరం. మధ్యలో మడపాం టోల్ గేటు, అది వైద్యుడి ఫీజు. దాంతో నెలకి రెండు ఆదివారాలు అత్తవారింటికి వెళ్ళడం అలవాటైపోయింది. అత్తయ్యగారు పొంగిపోయారు. "చిన్నల్లుడికి మేమంటే ఎంత ప్రేమో" అని వీధంతా చెప్పుకున్నారు. ఆ ప్రేమ డాష్‌బోర్డు మీద పసుపు రంగులో వెలుగుతుందని ఆవిడకి తెలీదు.

మొన్న ఆదివారం కూడా అలాగే బయల్దేరాం. ఫోన్‌లో అత్తయ్యగారు రొయ్యలు, గోంగూర అన్నారు. టోల్ దగ్గర వరస పెద్దదైంది, ఫిల్టర్ పని సగంలో ఆగింది. టోల్ దాటి మళ్ళీ ఎనభై పట్టుకున్నాను. పేట మలుపు వచ్చేసింది, దీపం ఆరలేదు. మలుపు దగ్గర మావయ్యగారు గొడుగు వేసుకొని, మమ్మల్ని చూసి చెయ్యెత్తారు. మెకానిక్ చెప్పిన మాట చెవిలో మోగుతోంది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది సార్.

ఆపలేదు. నేనూ చెయ్యి ఊపాను. మా ఆవిడ వెనక్కి తిరిగి వాళ్ళ నాన్నని చూసి, నన్ను చూసి, ఫోన్ తీసింది.

"నాన్నా, కంగారుపడకు. ఇంకా ఆరలేదంట. టెక్కలి దాకా వెళ్ళొచ్చేస్తాం. రొయ్యలు మూతెట్టి ఉంచమను." కాసేపు విని ఫోన్ నా చెవికి ఆనించింది.

"అది కాదు బాబూ," అంటున్నారు మావయ్యగారు, గొంతులో ఎప్పుడూ లేని అయోమయంతో. "నీ వెనకాలే పెద్దల్లుడు కూడా ఆపకుండా పోతన్నాడేటి?"