మిలటరీ ఇంటికి కౌన్సెలర్ దండగ

మాజీ సైనికుల కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడానికి ప్రత్యేకంగా మనుషులు కావాలని ఈ మధ్య కొందరు అనడం మొదలుపెట్టారు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల తరఫున దీన్ని గట్టిగా వ్యతిరేకించాల్సిన సమయం వచ్చింది. గిద్దలూరు నుంచి కావలి దాకా మనకు కౌన్సెలర్ల కరువు ఏనాడూ లేదు. అరుగు మీద ఒకరు, టీ బంకు దగ్గర ముగ్గురు, పెళ్ళిలో బంతికి పదిమంది. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు, మనం అడగాల్సిన పని అసలే లేదు.

ముందు సమస్యే లేదని తేల్చేద్దాం. సిపాయికి ఏడాదికి 60 రోజులు వార్షిక సెలవు, 30 రోజులు క్యాజువల్ సెలవు. 17 ఏళ్ళ సర్వీసులో ఒక్క రోజు కోత పడకుండా అన్నీ దొరికాయనుకున్నా 1,530 రోజులు, అంటే నాలుగేళ్ళ పైచిలుకు. కుటుంబాన్ని ఉండనిచ్చే పీస్ స్టేషన్‌లో క్వార్టరు దొరికి కాపురం అక్కడికి మార్చిన కాలం ఉంటే అది అదృష్టం. మిగతాదంతా ఇంటి దగ్గర భార్య ఒక్కతే. పొలం కౌలుకిచ్చింది, బోరు మోటారు కాలితే వైండింగ్ చేయించింది, అత్తగారికి షుగరు మాత్రలు తెచ్చింది, పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడితే ఎమ్మార్వో ఆఫీసు మెట్లు అరగదీసింది. ఒకరోజు ఆయన, నలభై నిండాయో లేదో, పేరూ నంబరూ రాసిన ట్రంకు పెట్టెతో ఆటో దిగుతాడు. ఈసారి సెలవు కాదు, వచ్చేశాడు. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న పోస్టు ఒక్కటీ లేదు. అయితే ఏమైందట?

మొదటి వారం కోడికూర. రెండో వారానికి గుమ్మం ముందు చెప్పులు వరసలో ఉండాలి. మూడో వారం, "గ్యాసు ఇంత తొందరగా ఎట్టా అయిపోయింది?" నెల తిరిగేసరికి పొద్దున ఐదింటికి పిల్లలు లేచి పక్కలు మడవాలి. పదో తరగతి కొడుకు దుప్పటి నాలుగు మూలలూ కలిపి శుభ్రంగానే మడుస్తాడు. మడిచి వంటింట్లోకి పోయి, "నాన్న మళ్ళీ ఎప్పుడు పోతాడు?" అని అడుగుతాడు. మన ఇళ్ళలో వంటింటి మాట ముందుగదిలోకి వినపడదా?

సైన్యం వదిలేముందు పునరావాస డైరెక్టరేట్ వారు కోర్సులు పెడతారు. సెక్యూరిటీ, కంప్యూటరు, ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ ఉద్యోగం వెతుక్కోవడానికి. తాను లేకుండా పదిహేడేళ్ళు నడిచిన ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో నేర్పే కోర్సు ఆ జాబితాలో లేదు. అక్కర్లేదు కూడా. దానికి బావమరిది ఉన్నాడు.

బావమరిది చికిత్సా విధానం అందరికీ తెలిసిందే. ఆయన్ని ఒక్కణ్ణే బండెక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్తాడు. ఆయన మిలటరీ క్యాంటీన్ మందు సీసానే ఆయనకు పోసి, "సర్దుకుపో బావా, ఆడోళ్ళన్నాక ఉంటది" అంటాడు. అదే సమయానికి ఇంట్లో పిన్నమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "సర్దుకుపోవాలమ్మా, మిలటరీ మనిషి కదా" అంటుంది. ఇద్దరికీ ఒకే మందు, వేర్వేరు గదుల్లో. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియదు. కుటుంబ చికిత్స చేసేవాళ్ళు దీన్ని తప్పంటారు. ఇద్దరి మధ్య వేడి పుట్టినప్పుడు మూడో మనిషి దూరితే వేడి తగ్గుతుంది, తగాదా మాత్రం తీరదు. అందుకని ఆ మూడో మనిషి రోజూ రావాలి. బావమరిది ఊళ్ళో లేనప్పుడు ఆ డ్యూటీ పెద్దకూతురి మీద పడుతుంది. "మీ నాన్నకు అన్నానికి రమ్మని చెప్పు", "మీ అమ్మకు ఆకలి లేదని చెప్పు." పన్నెండేళ్ళ పిల్ల ఒకే ఇంట్లో రెండు రాజ్యాల మధ్య రాయబారం నడుపుతుంటుంది. ఆ పిల్లను ఆ ఉద్యోగం నుంచి తప్పించి, వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకునేట్టు చేయడమే కౌన్సెలర్ పనిలో సగం. ఇంత చిన్న పనికి ఒక మనిషా?

మిగతా సగం ఇంకా విడ్డూరం. మొదటిరోజు కాగితం మీద మూడు తరాల కుటుంబాన్ని గీస్తారు. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు వృత్తం, పోట్లాడుకునే ఇద్దరి మధ్య వంకరటింకర గీత, మాటల్లేని ఇద్దరి మధ్య తెగిన గీత. చూడ్డానికి జాతక చక్రంలా ఉంటుంది గాని ఇందులో శనికి చోటు లేదు, నెపం వేసుకోవడానికి వీలుండదు. తాత తాగేవాడా, ఎవరెవరు బతుకుదెరువుకు ఊరు విడిచారు, ఎవరి పెళ్ళికి ఎవరు పోలేదు, అన్నీ బయటికొస్తాయి. తర్వాత ప్రశ్నలు. "మీ సమస్య ఏమిటి?" అని అడగరు. అడిగితే నలుగురూ ఆయన వైపు వేలు చూపిస్తారు, ఆయన గోడ వైపు చూస్తాడు. "నాన్నకు కోపం రాబోతోందని ఇంట్లో ముందు ఎవరికి తెలుస్తుంది?" అని అడుగుతారు. చిన్నది చెయ్యెత్తుతుంది. "గేటు గడియ పెట్టే చప్పుడుకే నాకు తెలిసిపోద్ది. అప్పుడు టీవీ కట్టేస్తా." ఆ మాట ఆ తండ్రి అప్పటిదాకా విని ఉండడు.

సర్వీసులో ఉన్నప్పుడు మెడికల్ కేటగిరీకి 'షేప్' (SHAPE) అని ఐదు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. చెవులు, కాళ్ళూచేతులు, ఒళ్ళు, కళ్ళు ఇవన్నీ తర్వాత. మొదటి అక్షరమే మనసుది. సైన్యం ముందు వరసలో నిలబెట్టిన ఆ సంగతిని డిశ్చార్జ్ పుస్తకంతో పాటు బీరువాలో పెట్టి తాళం వేయడం మన ఆచారం. "మిలటరీ మనిషికి మనసు జబ్బేందయ్యా?" అనేది ఒక పార్టీ. సైన్యంలో చేసొచ్చిన వాళ్ళందరికీ ఏదో ఉంటుందనేది రెండో పార్టీ. నిజానికి ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు, వేళలు కుదరని చిక్కే. కొందరికి మాత్రం చూసిందే కళ్ళముందు తిరగడం, ఆ జ్ఞాపకాలు తెచ్చే చోట్లకు పోకపోవడం, ఎవరి మీదా ప్రేమ పుట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలికిపడడం నెలకు మించి ఉంటాయి. డాక్టర్లు పీటీఎస్‌డీ అనే జబ్బు ఇదే. వీళ్ళకు దీపావళి పండుగ కాదు. పెళ్ళి ఊరేగింపులో లక్ష్మీబాంబు పేలితే మంచం కింద చెయ్యి దేనికోసమో వెతుకుతుంది.

అట్లాంటి మనిషి నిద్రలో కేకలు పెడితే మన పద్ధతి భుజం పట్టి కుదపడం. కుదిపిన చెయ్యి మణికట్టు దగ్గర ఆయన పిడికిట్లో ఉంటుంది, లేదా ఆయన చెయ్యి ఆమె గొంతు మీద ఉంటుంది. పూర్తిగా మెలకువ వచ్చాక ఇద్దరూ ఏడుస్తారు. మర్నాడు తాయెత్తు. కౌన్సెలర్లు చెప్పేది మరీ చప్పగా ఉంటుంది. ముట్టుకోవద్దు, కాళ్ళవైపు దూరంగా నిలబడండి, లైటు వేయండి, పేరు పెట్టి పిలవండి, "మనింట్లో ఉన్నావు, నేను ఫలానా" అని చెప్పండి. మన ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవడమా? సంప్రదాయం ఏం కావాలి? తాయెత్తే నయం.

ఆ ఇల్లు మెల్లగా ఎట్లా కుంచించుకుపోతుందో చూడండి. ఆయన పడుకున్నాడని మిక్సీ ఆపేస్తారు. జనం ఉంటే చిరాకుపడతాడని పెళ్ళిళ్ళు మానేస్తారు. తర్వాత చుట్టాలను రావద్దంటారు. తర్వాత పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపుతారు. "ఆయనకు కోపం వస్తుంది" అనేది ఆ ఇంటి రాజ్యాంగం అవుతుంది. ఇదంతా ప్రేమతో చేసేదే, జబ్బుకు ఎరువు కూడా ఇదే. తప్పుకున్న ప్రతిసారీ భయం నిజమేనని మనసుకు రుజువవుతుంది. ఆ జబ్బుకు భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టే ఒక పద్ధతి ఉంది, 15 సిట్టింగులు. అందులో కొంత భాగం ఈ దారినే వెనక్కి నడవడం. మొదట పొద్దున్నే జనం పలచగా ఉన్నప్పుడు రైతుబజారులో అరగంట, తర్వాత సంత, తర్వాత చుట్టాల ఇంటి శుభకార్యం. గుండె దడ మొదలైనప్పుడు అక్కడే ఉండాలి, అది దానంతట అది తగ్గాకే రావాలి. దడ గరిష్ఠంగా ఉన్నప్పుడు వెళ్ళిపోతే, వెళ్ళిపోవడం వల్లే బతికానని మనసు రాసుకుంటుంది. ఇది ఎక్కువగా చెడేది ఎక్కడంటే, ఆయన నుదుట చెమట చూసి ఆమె జాలిపడి, "పోదాం పదండి, టమాటాలు రేపు కొందాం" అన్నచోట.

కోపానికి ఇంకో చిట్కా చెబుతారు: విరామం. మాట పెరుగుతోందని ఎవరికి అనిపించినా ముందే అనుకున్న గుర్తు చూపించి పక్కకు పోవచ్చు. కాకపోతే ఎప్పుడొస్తారో చెప్పి పోవాలి, అరగంట అంటే అరగంటకు రావాలి, వెంటపడకూడదు. మనవాళ్ళు సగమే పాటిస్తారు. ఆయన పోతాడు, రాత్రి పదకొండింటికి బావమరిదితో వస్తాడు. ఆమె గేటు దాకా వెంటబడి వీధికంతా వినపడేట్టు మిగతా సగం పూర్తి చేస్తుంది.

ఇక సీసా సంగతి. సారాను తరిమిన ఉద్యమం 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలోనే మొదలైంది, గర్వపడాల్సిందే. అదే జిల్లాలో క్యాంటీన్ సీసాకు దక్కే మర్యాద మాత్రం వేరు. కార్డు మీద కోటా వచ్చిన రోజు ఆ ఇంటికి వచ్చినంత మంది చుట్టాలు సంక్రాంతికి కూడా రారు. బ్యాంకు మేనేజరుకు ఒకటి, సర్వేయరుకు ఒకటి, బావమరిదికి రెండు. మిగిలింది ఆయన తాగితే ఊరంతా ఏకగ్రీవంగా, "పాపం, తాగి పాడైపోయాడు" అంటుంది.

మాన్పించడానికి మనకు మూడు మార్గాలున్నాయి. మొదటిది మాల. మాలలో తప్పేమీ లేదు, 41 రోజులు ముట్టకుండా ఉండడం ఎందరికో మేలు చేసింది. రోజూ పొద్దున్నే మొదలుపెట్టే మనిషికి మాత్రం రాత్రికి రాత్రి ఆపడం ప్రమాదం. చివరి గుక్క తాగిన కొద్ది గంటలకే చేతుల వణుకు, చెమటలు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేనివి కనపడడం, జ్వరం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. దాన్ని స్వామి పరీక్ష అని భజన పెడతారు. ఊరి ఆరెంపీ వచ్చి నీరసమని గ్లూకోజు ఎక్కిస్తాడు. గ్లూకోజుకు ముందు థయామిన్ అనే బీ1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి, లేకపోతే మెదడు దెబ్బతినొచ్చు. వణుకు తగ్గించే మాత్రలు డాక్టరు చేతి కింద రోజురోజుకీ తగ్గిస్తూ వారం దాకా వాడాలి. అంటే మాలకు పది రోజుల ముందే ఆసుపత్రికి పోవాలి. గురుస్వామి లిస్టులో ఇరుముడి సామాను ఉంటుంది గాని ఇది ఉండదు.

రెండోది సాంబారు మార్గం. 'ఆయనకు తెలియకుండా కలపండి' అని అమ్మే మాత్ర. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా మందు పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ గుణం ఉండొచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు రాసిస్తేనే మందు. సాంబారులో పడితే విషప్రయోగం. పైగా విషయం బయటపడ్డాక ఆ ఇంట్లో ఆమె చేతి ముద్ద ఆయన తినడు.

మూడోది మొక్కు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సొంతింటి రొట్టె అన్నీ దొరుకుతాయి. అక్కడి దర్గాలోని బారాషహీదులూ, అంటే పన్నెండుమంది అమరులూ, యుద్ధంలో పోయిన వీరులేనని చెప్పుకుంటాం. కౌన్సెలింగ్ రొట్టె మాత్రం ఇంతవరకూ ఎవరూ పట్టుకున్నట్టు లేదు.

వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టి చెప్పాల్సినవి రెండున్నాయి. చెయ్యి చేసుకునే ఇంట్లో ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టరాదు. ఆమె ఆ గదిలో నిజం చెబితే ఇంటికెళ్ళాక దెబ్బలు పడతాయి. ముందు విడివిడిగా మాట్లాడాలి, ఆమెకు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు తెలిసి ఉండాలి. రెండు: బ్యాంకు గార్డుగా చేసేవాళ్ళలో కొందరి ఇళ్ళలో లైసెన్సు తుపాకీ ఉంటుంది. "బతకాలని లేదు" అన్న మాట వినపడితే చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. తుపాకీ ఆ రోజే పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైనిక కుటుంబాల కోసం పుణె సైనిక వైద్య కళాశాలలో దాని ప్రత్యేక విభాగం 2023 డిసెంబరు 1న మొదలైంది.

మళ్ళీ అసలు వాదనకు వద్దాం. మానసిక వైద్యానికి పోతే పెన్షన్ ఆగిపోతుందని మన దగ్గర గట్టి నమ్మకం. ఆగదు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు మీద పాలీక్లినిక్ డాక్టరు రిఫరల్ రాస్తే మానసిక వైద్యుణ్ణి చూపించుకోవచ్చు, భార్యకూ అదే హక్కు. చెప్పుకున్నది బయటికి పొక్కకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ అంటుంది. కాకపోతే రిఫరల్ కాగితంలో 'రోగి పేరు' అని ఒక్క గడే ఉంటుంది. అందులో ఆయన పేరు రాస్తే ఆయన రాడు, ఆమె పేరు రాస్తే "నాకేం పిచ్చా?" అంటుంది, 'మా ఇల్లు' అని రాస్తే కంప్యూటరు తీసుకోదు.

కాబట్టి పోస్టు వద్దు. ఎవరైనా మొండిగా పెట్టి తీరతామంటే ఖర్చు మాత్రం అదుపులో ఉండాలి. నెలకు రెండుసార్లు గంటన్నర చొప్పున తలుపు మూసుకునే గది, ఒక ఫ్యాను. ఇంట్లో ఎందరో అన్ని కుర్చీలు, ఒకటి అదనం. ఆయన కుర్చీ వీపు గోడకు ఆని, ద్వారం కనపడేట్టు ఉండాలి. మార్చమని అడగకూడదు. బల్ల వేయొద్దు. బల్ల వేస్తే దాని వెనక కూర్చోవడానికి బావమరిది వస్తాడు.