ఫ్యాటీ లివర్ తాగేవాళ్ల జబ్బేనా? తిరుగుతున్న ఒక సందేశానికి ఖండన

"ఫ్యాటీ లివర్ మందు తాగే మగవాళ్లకు వచ్చే జబ్బు. ఆడవాళ్లకు కాన్పుల తర్వాత పొట్ట రావడం సహజం, దానితో లివర్‌కు ఏమీ కాదు. బరువు సరిగ్గా ఉండి ఎస్‌జీపీటీ నార్మల్ వస్తే నిశ్చింత. నూనె మానేసి పరగడుపున నిమ్మరసం తాగితే కొవ్వంతా కడిగేసుకుపోతుంది." కుటుంబ గ్రూపుల్లో విరివిగా తిరుగుతున్న ఈ సందేశంలో ప్రతి వాక్యమూ తప్పుదోవ పట్టించేదే.

మద్యం కాలేయానికి హాని చేస్తుందనడంలో సందేహం లేదు. కానీ చుక్క ముట్టనివారికి కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు కారణంగా, కాలేయంలో కొవ్వు పేరుకునే ఈ జబ్బు వస్తుంది. మద్యంతో సంబంధం లేని ఈ రకాన్ని కేంద్ర ప్రభుత్వం 2021లో మధుమేహం, గుండె జబ్బులు, క్యాన్సర్ నివారణకు ఉద్దేశించిన జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది స్త్రీల గురించిన మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) కొలతలను విశ్లేషించినప్పుడు దేశంలో సుమారు 40 శాతం స్త్రీలకు, 12 శాతం పురుషులకు పొట్ట ఊబకాయం ఉన్నట్టు తేలింది. నెలసరి ఆగేవరకు ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంతో స్త్రీలలో కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల దగ్గర చర్మం కింద చేరుతుంది. పురుషులలో పేగుల చుట్టూ చేరి, అక్కడినుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చే పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి వెళ్తాయి. అందుకే మగవారికి ఈ జబ్బు తక్కువ వయసులోనే కనబడుతుంది. అయితే ఆ రక్షణ నెలసరి ఆగాక తగ్గిపోతుంది, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్నవారిలో యవ్వనంలోనే బలహీనపడుతుంది. "కాన్పు పొట్ట" అని సరిపెట్టుకోవడం వల్ల పరీక్ష చేయించుకోవలసిన తల్లులు ఏళ్ల తరబడి చేయించుకోకుండా ఉండిపోతున్నారు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

బరువు తూచుకుంటే సరిపోదు. సన్నని కాళ్లు చేతులు, ముందుకొచ్చిన పొట్ట మన ప్రాంతంలో చాలామందికి ఉండే శరీరాకృతే. దక్షిణాసియా వారికి నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచనగా పరిగణిస్తారు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్యన, ఊపిరి వదిలాక టేపుతో కొలుచుకోవాలి.

రక్తపరీక్షలో చూసే కాలేయ ఎంజైమ్ ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా కాలేయంలో కొవ్వు, మచ్చకట్టడం కూడా ఉండవచ్చు. వయసు, మరో ఎంజైమ్ ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కించే ఫిబ్-4 స్కోరు, అవసరమైతే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్, అసలు ప్రమాదాన్ని అంచనా వేస్తాయి.

ఇక నూనె సంగతి. ఊబకాయం ఉన్న రోగులపై జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో కాలేయంలోని కొవ్వులో సుమారు 15 శాతమే ఆహారపు కొవ్వు నుంచి నేరుగా వచ్చింది. ఎక్కువ భాగం ఒంట్లో నిలవైన కొవ్వు నుంచి వచ్చింది, సుమారు నాలుగో వంతు చక్కెరలు, పిండిపదార్థాల నుంచి కాలేయమే తయారుచేసుకున్నది. కాబట్టి నూనె మానేసి మూడుపూటలా గిన్నెడు తెల్లన్నం, తీపి టీలు కొనసాగిస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు.

నిమ్మరసం కాలేయాన్ని కడగలేదు. మోతాదు తెలియని మూలికా పొడులతో కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి కూడా. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయపు కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు శాంతిస్తుంది, 10 శాతం దాటితే చాలామందిలో మచ్చలు కూడా వెనక్కి తగ్గుతాయి. 80 కిలోల మనిషికి ఆ మొదటి మెట్టు 4 కిలోలే.