నిశ్శబ్దంగా తాగవలెను

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక మద్యం సీసా దొరికింది. దాంతో తలుపు మీద కొత్త నోటీసు వెలిసింది. "గ్రంథాలయ ఆవరణలో మద్యం సేవించుట నిషిద్ధం. అతిక్రమించిన వారిపై తగు చర్య తీసుకొనబడును." సంతకం, ముద్ర, తేదీ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. చర్య తీసుకునేది ఎవరో మాత్రం రాయలేదు. రాయరు కూడా.

నిషేధానికి నేను వ్యతిరేకిని కాను. నాకు కష్టం కలిగించింది దాని పొదుపు. పుస్తకం తీసుకోవాలంటే ఒక నియమం, తిరిగివ్వాలంటే ఒక నియమం, సంచి ఎక్కడ పెట్టాలి, గొడుగు ఎక్కడ ఆనించాలి అన్నదానికి ఇంకో నియమం. ఇంత చట్టబద్ధమైన చోట సీసాకు ఒక్క వాక్యమా? ఆ లోటు తీర్చడానికి ఈ ముసాయిదా సమర్పిస్తున్నాను.

మొదట వర్గీకరణ తేలాలి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో అరలకు పంచడానికి 1876లో మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ పద్ధతి ఉండగా మనం తడుముకోవలసిన పని లేదు. ద్రాక్షసారా తయారీ 663.2, బీరు 663.42, బట్టీ దిగిన సరుకు 663.5. ఎవరు ఏది తాగుతుంటే వారు ఆ అర ముందే నిలబడాలి. బీరుతో 663.5 దగ్గర పట్టుబడినవారిని తప్పు అరలో సర్దిన పుస్తకంగా భావించాలి. అంటే ఇక వారు ఎవరికీ దొరకరు. రెండూ కలిపి తాగేవారికి ఏ అంశం ఎక్కువైతే ఆ సంఖ్య. మధ్యలో ఎవరైనా "అసలు తాగడం తప్పా?" అని గొంతు పెంచితే వారిని వెంటనే నీతిశాస్త్రంలోని 178.1కి తరలించాలి. మానలేకపోతున్నానని కన్నీళ్లు పెట్టుకునేవారు సాంఘిక సమస్యల్లో 362.292 దగ్గర కూర్చోవచ్చు. నీతికీ సీసాకీ మధ్య మెట్లున్నాయి కనుక ముందు నీతి చూసుకుని తర్వాత సీసా దగ్గరకు రావడం క్షేమం. తిరుగు ప్రయాణంలో జరిగే ప్రమాదాలకు గ్రంథాలయం బాధ్యత వహించదు.

ఇక ఇష్యూ కౌంటరు. విద్యార్థి సీసా తెచ్చి బల్ల మీద పెడతాడు. గుమాస్తాగారు కళ్లజోడు తుడుచుకుని, అక్సెషన్ నంబరు (గ్రంథాలయంలో చేరిన ప్రతి పుస్తకానికీ ఇచ్చే వరుస సంఖ్య) కోసం సీసాను నాలుగు వైపులా తిప్పుతారు. మూత మీద ముద్ర కొడతారు. రహస్య పుట మీద, అంటే పుస్తకం తనదేనని గుర్తుపట్టడానికి గ్రంథాలయం లోపల ఎంచుకున్న పుట మీద, కూడా ముద్ర ఉండాలి కదా, అది లేబిల్ లోపలివైపు ఉంటుంది. సీసా సగం దిగాక గానీ కనిపించదు. చివరికి గడువు తేదీ చీటీని లేబిల్ మీద అంటిస్తారు.

"ఇంత గడువు అక్కర్లేదు సార్, ఈ రాత్రికే తెచ్చి ఇచ్చేస్తాను."

"ఇవ్వడం కాదు బాబూ, తీసుకెళ్లిన స్థితిలో ఇవ్వాలి."

"నిండుగానా సార్?"

"పుస్తకం చదివితే అక్షరాలు తగ్గుతాయా? ఇదీ అలాగే వాడుకోవాలి."

"మరి రెన్యువల్?"

"ఇంకెవరూ రిజర్వు చేసి ఉండకపోతే చేస్తాం." రిజర్వు చేసినవారు వెనక వరుసలోనే ఉన్నారు. అర్థవంతంగా దగ్గుతున్నారు.

పోగొడితే రెట్టింపు ధర కట్టాలి. చదువు పూర్తిచేసి వెళ్లేటప్పుడు బకాయి లేదన్న ధ్రువపత్రం కావాలి. అర సీసా బాకీ ఉన్నందుకు పట్టా ఆగిపోతే ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. రిఫరెన్స్ సీసాలను మాత్రం బయటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని పూర్తిచేయాలి. ఈ విషయంలో సిఫార్సులు పనిచేయవు. 1645లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ కబురు పెట్టినా ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం పుస్తకాన్ని గడప దాటనివ్వలేదు. (ఆ గ్రంథాలయంలో చేరేవారు లోపలికి నిప్పు తేమని, పొగ తాగమని ప్రమాణం చేయాలి. అందులో మద్యం ఊసు లేదు. మనవాళ్లు ఇంకా గమనించినట్టు లేదు.)

ఇంతవరకు చమత్కారం. ఇప్పుడు ఆ సీసా ఎక్కడ దొరికిందో చెబుతాను. కింది అంతస్తులో, స్టాక్ గదిలో, చిట్టచివరి బీరువా వెనక. అక్కడే ఎందుకు? ఎవరూ రారు కాబట్టి! ఆవరణ అంతా గాలించి, మనిషి అడుగు పడని చోటు ఎక్కడుందా అని చూసి, ఆ తాగుబోతు పుస్తకాల మధ్య స్థిరపడ్డాడు. అతని అంచనా తప్పలేదు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రం రాసిపెట్టారు. ఆ బీరువాకు ఇన్నేళ్లకు ఒక మనిషి దొరికాడు, అతనికీ చదివే ఉద్దేశం లేదు. నోటీసు మీద సంతకం చేసినవారికి ఇందులో సిగ్గుపడవలసినది సీసా ఒక్కటేనా? కొత్త పుస్తకాలు కొనడం మానేశారు. పత్రికలకు చందా కట్టడం మానేశారు. తరగతులు ముగించుకుని పిల్లలు వచ్చే వేళకు పఠన మందిరానికి తాళం వేస్తున్నారు. వీటిలో ఒక్కదానికైనా తలుపు మీద నోటీసు అంటించారా?

ఆ మద్యం ఒలికింది శరీర నిర్మాణ శాస్త్రపు బొమ్మల పుస్తకం మీద. మెరుపు కాగితం. తడిసి ఆరిందంటే పుటలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా బిగిసిపోతాయి; విడదీయబోతే గుండె బొమ్మ సగం ఈ పుటకు, సగం ఆ పుటకు వస్తుంది. తడిసిన పుస్తకానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. పుటల మధ్య కాగితాలు దూర్చి గాలికి ఆరబెట్టాలి. వెంటనే కుదరకపోతే గడ్డకట్టించి ఉంచినా దాన్ని బతికించుకోవచ్చు. గ్రంథాలయ శాస్త్రం చదివిన ఎవరిని అడిగినా చెప్పేవారు. అడగడానికి గ్రంథపాలకుడి కుర్చీలో మనిషి ఉండాలి కదా! ఖాళీ అయిన ఆ పోస్టు భర్తీ కాలేదు.

మరి ఏం చేశారు? విచారణ కమిటీ వేశారు. సాక్ష్యం చెడకూడదని ఆ తడి పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో మూతిగట్టి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. బూజుకు అంతకన్నా అనువైన ఇల్లు బూజు కూడా కోరుకోదు. సీసాను మాత్రం శుభ్రంగా తుడిచి, చీటీ కట్టి, అద్దాల అలమరలో భద్రపరిచారు.

నివేదిక ఇవ్వడానికి కమిటీ మళ్లీ గడువు పొడిగించుకుంది. ఇంకెవరూ రిజర్వు చేయలేదు కనుక రెన్యువల్‌కు అభ్యంతరం రాలేదు.