సవరణ: కణితుల్లోని సూక్ష్మజీవులపై పోస్టు

ఇంతకుముందు పోస్టులో "33 రకాల క్యాన్సర్లలో ఒక్కోదానికీ ఒక్కో సూక్ష్మజీవుల ముద్ర ఉంటుంది, రక్తపరీక్షతో పట్టేయవచ్చు" అని ఉన్న వాక్యాన్ని తీసేశాను. దానికి ఆధారమైన 2020 నాటి పరిశోధన వ్యాసాన్ని నేచర్ పత్రిక 2024లో ఉపసంహరించింది. జన్యు సమాచారాన్ని విశ్లేషించే శాస్త్రవేత్త స్టీవెన్ సాల్జ్‌బర్గ్ తదితరులు 2023లో ఆ డేటాను మళ్లీ పరిశీలించారు. బ్యాక్టీరియావని లెక్కేసిన డీఎన్ఏ ముక్కల్లో చాలావరకు మనిషివేనని తేలింది. ఒక అడ్రినల్ గ్రంథి క్యాన్సర్‌కైతే ముఖ్యమైన గుర్తుగా రొయ్యలకు సోకే వైరస్ వచ్చింది! అక్కడే అనుమానం రావాల్సింది.

అంతమాత్రాన పోస్టంతా కొట్టేయనక్కర్లేదు. క్లోమ క్యాన్సర్ సంగతి అలాగే ఉంచాను: 2017లో పరిశీలించిన 113 కణితుల్లో 86 చోట్ల బ్యాక్టీరియా కనిపించింది. వాటిలో కొన్ని జాతులు ఒక ఎంజైమ్‌తో జెమ్‌సైటబీన్ అనే కీమో మందును పనికిరాకుండా చేసేస్తాయి. పెద్దపేగు కణితుల్లో దొరికే ఫ్యూసోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా దారి వేరు. తన ఫ్యాప్2 ప్రొటీన్‌తో రోగనిరోధక కణాల మీదున్న టిజిట్ అనే గ్రాహకాన్ని పట్టుకుని, వాటి దాడిని ఆపుతుంది.

"మరి యాంటీబయాటిక్ వేసుకుంటే సరిపోతుందా?" అని కొందరు అడిగారు. ఎలుకల్లో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో ఫ్యూసోబ్యాక్టీరియం ఉన్న కణితుల పెరుగుదల తగ్గిన మాట నిజమే. కానీ ఇమ్యునోథెరపీకి (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్సకి) కాస్త ముందు యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో ఫలితాలు తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాలు చూపాయి. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతినడం దీనికి ఒక కారణమని అనుకుంటున్నారు. క్యాన్సర్ డాక్టర్‌ని అడగకుండా మెడికల్ షాపులో కొని వాడొద్దు.