ఫిదా అయ్యే జాతి

మా పెద్దమ్మ మొన్న ఫోన్‌ని అడిగింది: "షుగర్ ఉన్నవాళ్ళు మామిడిపండు తినొచ్చా?" ఫోన్ ఎంతో మర్యాదగా, "ఈ ఆకు పరగడుపున నమిలితే షుగర్ మాయం" అంది. ఏ ఆకో కూడా చెప్పింది. నేను రాయను, మీరూ నమిలేస్తారు.

ఫోన్‌ని తిట్టకండి. పాపం, దాని చదువు అలాంటిది. కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌లో వదిలేసి, చదువుకుని బాగుపడమంటున్నారు. 2010 జనవరిలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ళు నెల్ అనే ప్రోగ్రామ్‌ని ఇలాగే వదిలారు. రాత్రింబవళ్ళు వెబ్ పేజీలు చదవడమే దాని పనిగా ఉండేది. 'ఫలానా వంటి నగరాలు' అని పదిచోట్ల కనిపిస్తే ఆ ఫలానాని నగరాల ఖాతాలో వేసుకునేది. బుద్ధిమంతురాలే. కాకపోతే మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చీటీల్లాంటి కుకీలను బేకరీ సరుకనుకుంది. జనం 'కుకీలు డిలీట్ చేశాను', 'ఫైళ్ళు డిలీట్ చేశాను' అని రాస్తుంటే, ఫైళ్ళు కూడా బిస్కెట్లేనని తేల్చేసింది.

ఇంగ్లీషు చదివితేనే ఇలా. ఆ పిల్లని మన తెలుగు సైట్ల ముందు ఏడాది కూర్చోబెట్టి, వైవా పెట్టామనుకోండి.

"నెటిజన్లంటే ఎవరమ్మా?"

"ఒక జాతి సార్. ఫిదా అవుతారు. లేదంటే ఫైర్ అవుతారు."

"బంగారం?"

"మహిళలకు గుడ్ న్యూస్ సార్. సాయంత్రానికి బ్యాడ్ న్యూస్."

"మనుషులు ఎన్ని రకాలు?"

"పన్నెండు రాశులు సార్. ఈ వారం ఆరు రాశులవాళ్ళకి పట్టిందల్లా బంగారం."

"మిగతా ఆరు?"

"వచ్చే వారం సార్."

"రెండు రెళ్ళు?"

"తెలిస్తే షాక్ అవుతారు."

నూటికి నూరు వెయ్యాల్సిందే. చదివిందే కదా చెప్పింది.

పెద్దమ్మ నాలుగు రోజులు మాత్రలు మానేసి ఆకు నమిలింది. ఐదోరోజు కళ్ళు తిరిగి బాత్‌రూం గుమ్మంలో పడిపోయింది. తర్వాత వెతికాను. ఆ ఆకు మహిమ ఎన్ని సైట్లలో ఉందో! అన్నిట్లో అదే అచ్చుతప్పు, 'పరగడపున' అని. పదిచోట్ల కనిపించింది, యంత్రం నమ్మింది. మరి డాక్టర్లు తెలుగులో రాసిన మంచి పుస్తకాలో? ఉన్నాయి! కొన్ని స్కాన్ బొమ్మల్లో, కొన్ని అచ్చు కోసం వాడే పాత అను ఫాంట్లలో. కాగితం మీద చక్కటి తెలుగు, యంత్రానికి పిచ్చిగీతలు. వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఒక్కో పేజీ సరిదిద్దుతూ కూర్చునే ఆ కొద్దిమందికీ దండం పెడతాను. మిగతా కోట్లమందిమి ఏం చేస్తున్నాం? ఆకు కథ కాపీ కొట్టడానికి తీరికుంటుంది, మంచి పుస్తకం ఒక్కటి యంత్రం చదవగలిగే యూనికోడ్‌ అక్షరాల్లోకి మార్చడానికి ఉండదు! ఒక ముసలావిడ పడిపోయిందయ్యా. ఆ పేజీ పక్కన ప్రకటనకి నీకెన్ని పైసలొచ్చాయి?

ఇంతకీ మామిడిపండు సంగతి ఫోన్ చెప్పనేలేదు. పెద్దమ్మకి రెండు ముక్కలు ఫరవాలేదని డాక్టరుగారు అన్నారు. నోటితో అన్నారు, ఎక్కడా రాయలేదు.